చీర కట్టుకుని విమానం ఎక్కిన రోజు

దయ్యాలు, ఆత్మలు అని మా ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే ముందుగా నవ్వేది నేనే. తిరుమలగిరిలో బోరు మోటార్లు బాగుచేసే షాపు నాది. కాలిపోయిన మోటారు విప్పితే ఎక్కడో ఒకచోట కారణం దొరుకుతుంది. వైండింగ్ మాడి ఉంటుంది, బేరింగు అరిగి ఉంటుంది, లేదా నీళ్లు లోపలికి దిగి ఉంటాయి. కారణం లేకుండా ఏదీ ఆగదని నమ్మి ఇన్నేళ్లు బతికినవాణ్ని. ఇప్పుడు చెప్పబోయే సంగతిని కూడా అలాగే విప్పి చూశాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు చీర కట్టుకోవడం ఇష్టం, చిన్నప్పటి నుంచీ. పెళ్లి చేసుకున్నాను, షాపులో గ్రీజు చేతులతో అందరిలాగే ఉంటాను. కానీ తలుపు మూసుకుని చీర కట్టుకున్నప్పుడే నాకు ఊపిరి సరిగ్గా ఆడినట్టుంటుంది. ఎందుకని అడిగితే చెప్పలేను. పెళ్లైన కొత్తలోనే ఈ విషయం నా భార్య సువర్ణతో చెప్పాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం తనే గదిలోకి వచ్చి, నన్ను కాసేపు చూసి, "కుచ్చిళ్లు గట్ల గాదు, ఇటు తిరుగు" అంది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య దాపరికం లేదు.

మాలాంటి వాళ్ల కోసం ఫోన్లో ఒక గ్రూపు ఉంది. జానకక్క అక్కడే పరిచయమైంది. మక్తల్ దగ్గరి పల్లె ఆమెది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో మట్టిపనికి పుణె వెళ్లి, అక్కడే కరెంటు పని నేర్చుకుని స్థిరపడిపోయింది. కాగితాల మీద మగపేరే ఉంది. ఆ పేరేమిటో నేను అడగలేదు. నాకు ఆమె జానకక్క, ఆమెకు నేను వసంత. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లమే తప్ప ఒకరినొకరం చూసుకున్నది లేదు. ఫొటో పంపమంటే, "నా మొకం ఏం జూస్తవే, మాట ఇను సాలు" అనేది.

ఒక ఎండాకాలం ఆమెకు కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేయాలన్నారు. ఆ వారం ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు ఎప్పటిలా లేదు.

"వసంతా, పానం మీద నాకు ఫికర్ లేదే. గని ఒక్కటి మిగిలిపోయింది. చీర కట్టుకొని ఇమానం ఎక్కాలని మస్తుండె. ఎన్నిసార్లు అనుకున్ననో! ధైర్యం సాలలే. నువ్వన్న ఎక్కు. గా చీర మీదనే సక్కగ నా తానికి రా. ఎట్లుండెనో చెప్పు. అది ఇన్నంకనే ఆపరేషన్‌కు లోపలికి వోత."

"వస్త అక్కా" అన్నాను. అనేసి ఫోన్ పెట్టాక గానీ నేను ఏం ఒప్పుకున్నానో నాకే తెలియలేదు.

మర్నాటి నుంచి నాకు కుదురు లేదు. నేను అంతవరకు విమానం ఎక్కినవాణ్ని కాదు. చీరలో ఇంటి గడప దాటినవాణ్నీ కాదు. నా ఆధార్ కార్డు మీద మీసాలున్నప్పటి ఫొటో ఉంది. టికెట్ మీద మగపేరు. గేటు దగ్గర ఆపేస్తే? మగవాళ్ల వరుసలో నిలబడాలా, ఆడవాళ్ల వరుసలోనా? తిరుమలగిరి వాళ్లు ఎవరైనా అక్కడ ఎదురుపడితే? ఫోన్లో వెతికాను. కార్డు మీది మనిషే అని తేలితే చాలని ఒకరు రాశారు, గంటల తరబడి కూర్చోబెట్టారని ఇంకొకరు రాశారు. షాపులో తీగలు ఒకదానికి కలపబోయి ఇంకోదానికి కలిపాను. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎక్కడికో పోబుద్ధి. గోళ్లలో దిగిన నలుపు పోవాలని చింతపండుతో తోముకుంటుంటే వేళ్లు మండిపోయాయి.

సువర్ణ అన్నది సబబైన మాటే. "పాంట్ షర్ట్ మీద పో. ఆడ దిగినంక ఏదన్న లాడ్జిల కట్టుకో. ఆమెకేం తెలుస్తది?"

నిజమే, ఆమెకు తెలియదు. కానీ నాకు తెలుస్తుంది కదా. చూసి వచ్చి చెప్పమని ఆమె అడిగింది విమానం గురించి కాదు.

ఆపరేషన్ సాయంత్రమని చెప్పారు. నేను పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉంటాను. ముందు రోజే సువర్ణా నేనూ శంషాబాద్ వచ్చి ఒక లాడ్జిలో దిగాం. తెల్లారి స్నానం చేశాక మంచం మీద ఒకవైపు పాంటు షర్టు, ఒకవైపు చీర పరిచి కూర్చున్నాను. నీలం రంగు చీర, సన్న అంచు. కట్టుకున్నాను. అద్దంలో చూసుకుని విప్పేశాను. షర్టు తొడుక్కున్నాను. అదీ విప్పేశాను. జానకక్కకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"నేనేం జెప్ప" అంది సువర్ణ. "నువ్వే తేల్చుకో. గని జల్ది తేల్చుకో, నాకు గుండె దడదడ కొడ్తాంది." టీ తెస్తానని కిందికి వెళ్లింది.

తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖం పాలిపోయి ఉంది. చేతిలో టీ లేదు.

"మెట్ల కాడ ఒక ముసలామె నిలబడ్డది. నన్ను జూసి, 'వసంత చీర కట్టుకున్నదా, టైమైతాంది' అన్నది. నువ్వు ఈడ ఎవలకన్న చెప్పినవా?"

నేనెవరికీ చెప్పలేదు. వసంత అనే పేరు సువర్ణకూ జానకక్కకూ తప్ప ఎవరికీ తెలియదు. గ్రూపులో కూడా నాకు వేరే పేరుంది. నేను మెట్ల దాకా వెళ్లి చూశాను, ఎవరూ లేరు. రాత్రి జానకక్కతో స్పీకర్లో మాట్లాడుతుంటే లాడ్జిలో పనిచేసే ఎవరో తలుపు దగ్గర విని ఉంటారని ఇద్దరం అనుకున్నాం. భయం వేసింది. కానీ విచిత్రంగా ఆ భయంతోనే మనసు ఒకవైపుకు తిరిగింది. ఎవరికో తెలిసిపోయింది, ఇంక దాచేదేముంది? మళ్లీ చీర తీసుకున్నాను. సువర్ణ కుచ్చిళ్లు పెట్టి, కొంగు భుజం మీద మడిచి పిన్ను పెట్టింది.

విమానాశ్రయం గేటు దగ్గర సువర్ణ ఆగిపోవాలి. "భద్రం" అంది.

గేటులో ఉన్న జవాను నా కార్డు తీసుకున్నాడు. ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. మీరేనా అని హిందీలో అడిగాడు. నేనే అన్నాను. గొంతుతో అతనికి సంగతి అర్థమైపోయింది. నవ్వలేదు, కసరలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసి తలూపి, "ఈమె మీతోనే కదా, వెళ్లండి" అన్నాడు. వెనక్కి తిరిగాను. సువర్ణ అప్పటికే పక్కనున్న కమ్మీల అవతలికి వెళ్లిపోయింది. దూరంగా సామాన్ల బండి తోసుకొస్తున్న ఒక కుటుంబం తప్ప నా వెనక ఎవరూ లేరు. వాళ్లలో ఎవరినో చూసి పొరపాటు పడ్డాడనుకున్నాను. ఆ సమయంలో నాకు అంతకంటే ఆలోచించే ఓపిక లేదు. లోపలికి వచ్చేశానన్నదే చాలు.

తనిఖీ దగ్గర రెండు వరుసలు. ఎటు నిలబడాలో తెలియక పక్కకు జరిగి, సువర్ణకు ఫోన్ చేసి లోపలికి వచ్చానని చెప్పాను. నా మాట విన్నదేమో, ఆడవాళ్ల వైపు తెర దగ్గరున్న పోలీసు పిల్ల తెలుగులోనే పిలిచింది. యాసను బట్టి మా వైపు పిల్లే.

"అక్కా, ఇటు రా. మీ పెద్దామెది అయిపోయింది. నువ్వే ఉన్నవ్."

"నాతోని ఎవరూ లేరమ్మా."

"గిప్పుడే పాయె గద! వెనక నా చెల్లె వస్తాంది అని చెప్పింది" అని లోపలి వైపు చూపించింది. అటు చాలామంది నడుస్తున్నారు. ఎవరిని చూపిస్తుందో నాకు తెలియలేదు.

నేను ఆమెకు నిజం చెప్పాను. "అమ్మా, కార్డు మీద నేను మగోణ్ని. నీకు ఇబ్బందైతే అటు పోత."

ఆ పిల్ల నన్ను చూసింది. అవతల ఉన్న పై అధికారి దగ్గరికి వెళ్లి ఏదో అడిగి వచ్చింది. "నీకు ఎట్ల మంచిగుంటే గట్ల" అంది. తెర వెనక చేతి మిషన్‌తో దూరంగానే చూసింది. భుజం దగ్గర పిన్నుకు అది కూత పెట్టింది. పిన్ను తీసి చూసి, కొంగు మళ్లీ మడత సరిచేసి తనే పెట్టింది. "పిన్ను గుచ్చుకుంటాందా?" అని అడిగింది. లేదన్నాను. బయటికి వచ్చాక ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. ఈ పిన్ను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. సువర్ణకు కూడా ఫోన్ చేయలేదు. ఫోన్ ఆపేసి విమానం ఎక్కాను.

నాది కిటికీ సీటు. మధ్య సీటు ఖాళీ. ఆ చివర ఒకాయన ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. పైకి లేచేటప్పుడు కడుపులో తేలినట్టైంది. కింద ఎండిన చెరువులు, రాళ్లగుట్టలు చిన్నవైపోతుంటే అక్కకు ఇవన్నీ చెప్పాలని గుర్తుపెట్టుకోసాగాను. కాసేపటికి దాహమేసి నీళ్లు అడిగాను. ఎయిర్ హోస్టెస్ రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి నాకిచ్చి, రెండోది మధ్య సీటు ముందున్న బల్ల దించి దాని మీద పెట్టి వెళ్లిపోయింది. చివరి ఆయనకేమో అనుకుని అటు జరపబోయాను. నేను అడగలేదని తలూపాడు. గ్లాసులు వెనక్కి తీసుకునేదాకా ఆ నీళ్లు అక్కడే ఉన్నాయి. నేను వాటి వైపు చూడకుండా కిటికీలోకే చూస్తూ కూర్చున్నాను.

పుణెలో దిగి ఆటోలో నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. జానకక్క మేనల్లుడు కింద వరండాలో ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "వసంత... గారేనా?" అన్నాడు. ఆ 'గారు' అనే మాటకు ఇప్పటికీ అతనికి రుణపడి ఉన్నాను. తర్వాత అతనే చెప్పాడు.

"మామను పొద్దుగాలనే లోపలికి తీస్కపోయిండ్రు. డాక్టర్‌కు సాయంత్రం వేరే పనుందట. మీకు ఫోన్ జేస్తే కలువలే."

లెక్క వేసుకున్నాను. నేను గేటులో అడుగుపెట్టేసరికే ఆమె మత్తులో ఉంది. ఆమెకు చెప్పాల్సింది చెప్పక ముందే లోపలికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పొద్దు వాలే వేళకు వార్డులోకి తెచ్చారు. అది మగవాళ్ల వార్డు. నీలం చీరలో నేను మంచం పక్కన నిలబడితే అందరూ చూశారు. నేను పట్టించుకోలేదు. మొదటిసారి ఆమెను చూస్తున్నాను. మంచం చాలనంత పొడవు మనిషి, పెద్ద చేతులు, తెల్లగా నెరిసిన జుట్టు. కళ్లు సగం తెరిచి నన్ను చూసి చేయి కదిపింది. పట్టుకున్నాను.

"కిందికి దిగేటప్పుడు చెవులు గుయ్యిమన్నయే" అంది. గొంతు బొంగురుగా ఉంది.

మత్తులో ఏదో మాట్లాడుతోంది అనుకున్నాను.

"గా పోలీసు పిల్ల మంచిది. నీ కొంగుకు మల్ల తనే పిన్ను పెట్టె" అంది. కళ్లు మూసుకుంది. మళ్లీ నిద్రపోయింది.

నా చేతిలో ఉన్న ఆమె చేయి వెచ్చగానే ఉంది. నా చేయే చల్లబడిపోయింది.

తిరుమలగిరి వచ్చాక దీన్ని కూడా మోటారును విప్పినట్టే విప్పాను. విమానం దిగేటప్పుడు అందరికీ చెవులు దిబ్బడేస్తాయి, అది ఎవరైనా అనగలరు. చీర కొంగుకు పిన్ను అందరూ పెట్టుకుంటారు, తనిఖీలో తీస్తారని ఆమె ఎక్కడో విని ఉండవచ్చు. జవానుకూ, పోలీసు పిల్లకూ, ఎయిర్ హోస్టెస్‌కూ వరుసగా పొరపాటు జరిగి ఉండవచ్చు. ఒక్కొక్కటిగా చూస్తే దేనికదే సరిపోతుంది. అన్నీ ఒకచోట పెట్టినప్పుడే నా లెక్క తప్పుతోంది.

కోలుకున్నాక జానకక్క మొదటిసారి ఫొటో పంపింది. ఆకుపచ్చ చీరలో ఉంది. సువర్ణకు చూపించి, మెట్ల దగ్గర చూసింది ఈమెనేనా అని అడిగాను. చాలాసేపు చూసింది. "కాదు. ఆమె గింత పొడుగు లేదు. పొట్టిగుండె" అంది. నాకు కొంచెం ఊరట కలిగింది. కానీ అలాగైతే ఆమె ఎవరన్న ప్రశ్న మొదలైంది. అది ఇంకా కష్టంగా ఉంది.

కొన్ని రోజుల తర్వాత ధైర్యం చేసి జానకక్కనే అడిగాను, ఆసుపత్రిలో ఆ రోజు అట్లా ఎందుకు అన్నావని.

"నేనా? ఎప్పుడన్న? మత్తుల ఏమన్ననో నాకెర్క లేదు" అంది. మాటలో దాపరికం ఏమీ లేదు. తర్వాత తనే అంది: "అవునే, నువ్వు ఇంకా చెప్పనే లేదు గద. ఇమానం ఎట్లుండె? మొదట్నుంచి చెప్పు."

చెప్పాను. లాడ్జిలో మంచం మీద పరిచిన బట్టల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. చిన్నపిల్లలా ఊ కొడుతూ విన్నది. గేటు దగ్గర జవాను కార్డు చూశాడంటే, "అయ్యో, ఏమన్నడే?" అని కంగారు పడింది. పోలీసు పిల్ల దగ్గరికి వచ్చేసరికి, 'వెనక నా చెల్లె వస్తాంది' అని చెప్పి ముందే వెళ్లిన ఆ పెద్దామె సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

"ఎందుకాగినవ్?" అంది జానకక్క. "చెప్పు. తర్వాత ఏమైంది?"