నిలబడే జాగా

మా ముత్తాత పదకొండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేల్. కట్టంగూర్‌కు మూడు కోసుల, అంటే ఆరు మైళ్ళ, దూరంలో ఉన్న మా గడి ముందు నుంచి ఎవరూ చెప్పులు వేసుకుని నడిచేవారు కాదు. మా బాపు రెండుసార్లు సర్పంచ్‌గా గెలిచి మూడోసారి ఓడిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పంచాయతీ ఆఫీసున్న వీధిలో అడుగుపెట్టలేదు. నేను నల్గొండలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. కిరాయి ఇంట్లో ఉంటాను.

తాత బయటికి పోవాలంటే సవారి కచ్చురం కట్టేవారట. పైన గుడారం వేసిన ఎడ్లబండి అది. ఎడ్ల మెడల్లో వెడల్పాటి తోలు పట్టెడలు, వాటి నిండా ఇత్తడి గంటలు. బండికి పది అడుగుల ముందు ఒక మనిషి పరుగెత్తేవాడు. "తొలగుండ్రి, దొర వస్తుండు" అని కేకవేస్తూ కట్టంగూర్ పెద్ద బాట దాకా మూడు కోసులూ పరుగెత్తాలి. బండి ఆగేదాకా ఆగకూడదు. దానికి కూలీ లేదు. మా అవ్వ ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది. ఎడ్ల పేర్లు చెప్పేది. ఆ మనిషి పేరు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా వంశంలో పరుగెత్తిన మొదటి మనిషి నా కూతురు.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్ళకు ఆమె ఇంటర్‌లో ఉంది. కాలేజీ ఆటల్లో ఏదో సరదాకు పరుగెత్తి, రెండో స్థానంలో వచ్చిన అమ్మాయిని గ్రౌండులో సగం దూరం వెనక వదిలేసింది. అది చూసిన కోచ్ మా ఇంటికి వచ్చాడు. ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. పొద్దున్నే డిగ్రీ కాలేజీ గ్రౌండులో పిల్లలకు ఊరికే పరుగు నేర్పేవాడు. మాట కలిపిన కాసేపటికే తెలిసింది, మాది ఒకే ఊరని. కచ్చురం ముందు పరుగెత్తిన మనిషికి మనుమడట.

మొదటిరోజు నేనతన్ని 'నువ్వు' అన్నాను. అతను మాత్రం నన్ను దొరా అనలేదు. సార్ అన్నాడు. రెండోసారి కలిసినప్పటి నుంచి ఏమనీ పిలవకుండానే మాట్లాడుతూ వచ్చాను. 'మీరు' అనడానికి నాకు నోరు రాలేదు.

ఏడాది పాటు నా కూతురు చీకటితో లేచి గ్రౌండుకు పోయింది. ఆ ఏడాదిలో ఆమె ముఖంలో చూసిన వెలుగు నేను మళ్ళీ చూడలేదు. ఆ చలికాలంలో కోచ్ ఒక కబురు తెచ్చాడు. హైదరాబాద్‌లో పెద్ద పరుగు పందెం జరగబోతోంది. పది కిలోమీటర్లు. పద్దెనిమిదేళ్ళ లోపు అమ్మాయిల్లో ముందుగా గీత దాటిన ఐదుగురిని ఒక అకాడమీ తీసుకుంటుంది. హాస్టలు, తిండి, డిగ్రీ చదువు, శిక్షణ అంతా వాళ్ళే చూసుకుంటారు. నా కూతురికి పద్దెనిమిది నిండడానికి ఇంకా మూడు నెలలే ఉన్నాయి. అంటే ఆ ఒక్క పందెమే అవకాశం.

"ఐదుగురిల ఖచ్చితంగ ఉంటది సార్. నాకు ఫికర్ లేదు" అన్నాడు కోచ్.

సంచిలోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. జిల్లాల్లోని కోచ్‌లకు రెండేసి ఉచిత నంబర్లు ఇస్తారట. తండ్రి సంతకం చేస్తే చాలు. చదివాను. 'ప్రవేశ రుసుము చెల్లించే ఆర్థిక స్థోమత లేని క్రీడాకారిణి' అని ఉంది. దాని కింద నా పేరు రాయాలి.

కాగితం వెనక్కి జరిపాను. "ఫీజు కడతాను."

"మస్తు పిరం సార్. రోడ్డు మీద ఉరుకనీకె గన్ని పైసలెందుకు?"

"మా ఇంట్లో ఎవరూ ఇలాంటి కాగితం మీద సంతకం చేయలేదు."

అతను నవ్వాడు. "అవు సార్. మా తాత మీ కచ్చురం ముందట మూడు కోసులు ఉరికిండు. ఆయనకు గూడ ఫీజు లేకుండె."

నా కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వబోయి నన్ను చూసి ఆగిపోయింది. ఆ నవ్వు నాకు చెంపదెబ్బలా తగిలింది. కోచ్ అది గమనించి గొంతు తగ్గించాడు.

"పరాచికానికన్న సార్, మనసుల పెట్టుకోకుండ్రి. ఇది ఫీజు ముచ్చట గాదు. నిలబడే జాగా ముచ్చట. జర వినుండ్రి..."

"నిలబడే జాగా సంగతి నేను చూసుకుంటాను" అని లేచి నిలబడ్డాను. ఇంటికి వచ్చిన మనిషిని చాయ్ తాగకముందే పంపేశాను. అతను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గడి ఎప్పుడో కూలిపోయింది. భూములు బాపు ఉండగానే పోయాయి. ఆ నాటివి నా దగ్గర మిగిలినవి ఎడ్ల గంటల పట్టెడలు రెండే. అందులో ఒకటి పాత బస్తా సంచిలో చుట్టి, నల్గొండలో పాత ఇత్తడి కొనే ఒక ముసలి సాయిబు దుకాణానికి తీసుకుపోయాను. ఆయన దాన్ని ఎత్తి ఒక్కసారి ఊపాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

"మోత మస్తుగున్నది సార్. కాని మోతకు పైసలియ్యరు. తోలు కోసేసి తూకమేస్త, సరేనా?"

సరే అన్నాను. తోలు కోస్తుంటే బయటికి వచ్చి నిలబడ్డాను.

ఆ రాబడి ఫీజుకు, బూట్లకు సరిపోయింది. నా కూతురు ఫోన్‌లో నమోదు చేసేటప్పుడు మూడు రకాల టికెట్లు కనిపించాయి. మామూలుది ఒకటి, దానికి పైది ఒకటి, అన్నిటికంటే పైన ఇంకొకటి. పైదాని ధర నా జీతంలో ఐదో వంతు. అదే తీసుకోమన్నాను.

"గిదెందుకు బాపు? చిన్నదైతె సాలదా?"

"అందరికంటే ఎక్కువ కట్టినవాళ్ళను వెనక నిలబెడతారా?"

ఆమె ఆ టికెట్టే కొంది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. నేనూ నమ్మే చెప్పాను. జాతరలో, పెళ్ళిలో, బడి పండుగలో ముందు వరుస ఎవరిదో ముందే తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. హోదా పోయాక ఆ వరుస డబ్బుకు దొరుకుతుందని అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడగడం మా ఇంట్లో అలవాటు లేదు.

పందెం రోజు తెల్లవారక ముందే చేరుకున్నాం. అంతమంది ఒకేచోట పరుగుకు నిలబడటం నేనెన్నడూ చూడలేదు. రోడ్డు పొడవునా తాళ్ళు కట్టి జనాన్ని మందలు మందలుగా విడదీశారు. నా కూతురు టికెట్టు చూసి అక్కడ పనిచేసే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మమ్మల్ని తెల్లటి గుడారం దగ్గరికి తీసుకుపోయింది. మెత్తటి కుర్చీలు, పండ్లు, వేడి చాయ్ ఉన్నాయి.

"పరుగు ఎక్కడి నుంచి మొదలు?" అన్నాను.

"పాత పందెంలో టైమింగ్ సర్టిఫికెట్ ఉందా అంకుల్?"

లేదన్నాను. ఇదే మొదటి పందెం.

"అయితే చివరి గుంపు."

"ఇది పెద్ద టికెట్టు" అన్నాను.

"అది టెంటుకు అంకుల్. లైనుకు కాదు" అంది ఆ పిల్ల. ఆమెకు నా మీద జాలి కలిగిందని ముఖంలో తెలిసింది.

రెయిలింగు పక్క నుంచి ముందుకు నడిచాను. ముందు వరుసలో యాభై అరవై మంది ఉన్నారు, చేతులు చాచి తిప్పుకునేంత జాగాతో. అక్కడ కోచ్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక అమ్మాయి చొక్కాకు పిన్నులతో నంబరు గుచ్చుతున్నాడు. హుజూర్‌నగర్ దిక్కు అమ్మాయి, నల్గొండలో హాస్టల్లో ఉంటుంది, తల్లి నాట్లకు పోతుంది. గ్రౌండులో నా కూతురి వెనకే పరుగెత్తేది. నేను వెనక్కి జరిపిన నంబరు అది. కోచ్‌లకు ఇచ్చిన నంబర్లన్నీ ముందు వరుసవే.

నన్ను చూసి లేచి వచ్చాడు. విషయం నేను చెప్పకముందే అతనికి అర్థమైంది. పరుగున పోయి ఎవరెవరినో బతిమాలాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"గేట్లు మూసిండ్రు సార్. ఇగ ఏం జెయ్యలేం."

తర్వాత చివరి గుంపు దాకా నాతో వచ్చి, తాడు ఇవతలి నుంచి నా కూతురితో అన్నాడు: "బిడ్డా, మధ్యల పడకు, ఇరుక్కుంటవు. అంచు పట్టుకోని ఉరుకు. ఎన్కకు సూడకు."

తుపాకి పేలింది. చివరి గుంపు కదలడానికి పావుగంట పైనే పట్టింది. చుట్టూ ఫొటోలు దిగుతూ, పాటలకు చేతులూపుతూ, నవ్వుకుంటూ నడిచే జనం. వాళ్ళ తప్పు లేదు. వాళ్ళు ఆ ఉదయం కోసమే డబ్బు కట్టారు, వాళ్ళకు అది దక్కింది. వాళ్ళ మధ్య నా కూతురి తల కాసేపు కనిపించి మాయమైంది.

ఆమె కాలి బూటుకు కట్టిన చిప్పులో అసలు సమయం నమోదైంది. తాను మొదలు గీత దాటినప్పటి నుంచి లెక్కిస్తే ఆ వయసు అమ్మాయిల్లో మూడోది. హుజూర్‌నగర్ అమ్మాయి కంటే నిమిషం పైనే ముందు. కానీ అకాడమీ వాళ్ళు చూసేది చివరి గీత దాటిన వరుస. నా కూతురు గీత దాటేసరికి ఆ ఐదుగురూ శాలువాలు కప్పుకుని ఫొటో దిగి వెళ్ళిపోయారు. ఐదోది హుజూర్‌నగర్ అమ్మాయి.

అకాడమీ బల్ల దగ్గరికి పోయాను. జీవితంలో మొదటిసారి చేతులు జోడించి ఒక మనిషిని అడిగాను. ఫోన్‌లో సమయం చూపించాను. ఆయన చదివి, కుర్చీలోంచి లేచి మరీ చెప్పాడు.

"బాగా పరుగెత్తింది సార్. కానీ మేం వరుసే చూడాలి. ముందు నిలబడి ఉంటే తీసుకునేవాళ్ళం."

కోచ్ పక్కనే ఉన్నాడు. ఆ కాగితం మీద ఒక్క సంతకం పెడితే అయిపోయేది కదా అని అతను అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. ఒక్కసారి అని ఉంటే నేనతని మీద కోపం తెచ్చుకుని కొంత తేలికపడేవాణ్ణి.

బస్సు చౌటుప్పల్ దాటాక నా కూతురు నా వైపు తిరిగింది. మెడలో మెడల్ ఉంది. చివర నడిచొచ్చిన వాళ్ళకు కూడా ఇచ్చారు అవి.

"ఎవరు ఏమనలే బాపు. జరగండి అంటె జరిగిండ్రు. కాని ఎంతమందిని జరగమనాలె? గొంతు పోయింది" అంది.

మర్నాడు ఆమె గ్రౌండుకు పోలేదు. కోచ్ రెండుసార్లు ఇంటికి వచ్చి పిలిచాడు. రెండోసారి నేనే అతన్ని 'కూర్చోండి' అన్నాను. అతను ఆ మాట విననట్టే ఉన్నాడు. ఆమె లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఇప్పుడు ఒక మందుల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున్నే లేవదు.

మా స్టాఫ్ రూములో ఏటా పరుగు పందేల సీజన్‌లో ఇదే చర్చ. పరుగుకు అంత ఫీజా అని ఒకరు, మనిషికి ఉత్సాహం కావాలి కదా అని ఒకరు. నన్ను కూడా అడుగుతారు, మీ అమ్మాయి పోయింది కదా సార్, కట్టినదానికి తగ్గట్టుందా అని. ఏర్పాట్లు బాగున్నాయని చెప్తాను. అది నిజమే. టీషర్టు ఇచ్చారు, నీళ్ళు ఇచ్చారు, అరటిపండ్లు ఇచ్చారు. నేను కొందామనుకున్నది అక్కడ అమ్మకానికి లేదు. అది ఊరికే ఇంటికి వచ్చినప్పుడు నేను తిప్పి పంపాను.

పందెం జరిగిన మరుసటి ఏడు ఆమె డిగ్రీ పరీక్ష ఫీజుకని మళ్ళీ ఆ సాయిబు దుకాణానికి బయల్దేరాను. సంచి కట్టబోతుంటే నా కూతురు మెడల్ తెచ్చి అందులో వేసింది.

"గిది గూడ అడుగు బాపు."

సాయిబు మెడల్‌ను గోటితో గీకి చూసి నా చేతికి తిరిగిచ్చాడు.

"ఇత్తడి గాదు సార్. పైన పూత. దీన్ని ఎవ్వలు కొనరు."

రెండో గంటల పట్టెడ తోలు కోసి, తూకం వేసి తీసుకున్నాడు.