పగటిపూట దెయ్యం కథ

రాత్రి చదువుకుందామని దెయ్యం కథల పుస్తకమొకటి సంచిలో పెట్టుకున్నాను గానీ, నాకంత ఓపికెక్కడిది? మదనపల్లెలో కుప్పం బస్సెక్కగానే తెరిచాను.

పక్క సీట్లో టమాటా నారు ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ తొంగి చూసింది. "ఏంది నాయనా సదవతాండావు?"

"దెయ్యం కథమ్మా. పాడుబడిన బంగళాలో రోజూ ఎవరో దీపం పెడుతుంటారు."

"పగలు కథ సెప్తే దారిన పోయేటోళ్లు దారి తప్పుతారంట. మా అవ్వ సెప్పేది," అని మొహం తిప్పుకుంది. మా కోనసీమలో నేనెప్పుడూ వినని మాట.

రెండు పేజీలు తిప్పానో లేదో, "ఆ దీపం పెట్టేది మనిషా, దెయ్యమా?" అంది.

"పగలు చెప్పకూడదన్నారుగా?"

"సెప్పొద్దంటి. సదవొద్దన్నానా?"

పైకి చదివాను. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగారు. కండక్టర్ టికెట్లు కొట్టేసి మా పక్కనే నిలబడిపోయాడు. పుంగనూరు దాటాం. కథలో కాపలావాడు బంగళా తలుపు తోస్తుండగా ఆవిడ కేక పెట్టింది.

"ఓయప్పా! మా ఊరి క్రాసు ఎనకాలే పోయింది. విజిల్ యాల ఊదలా?"

కండక్టర్ తల గోక్కున్నాడు. "నేనూ ఆ బంగళాలోనే ఉండానమ్మా."

బస్సు ఆపారు. ఆ నారుతో రెండు కిలోమీటర్లు వెనక్కి నడవాలి. నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ సీట్లోంచి లేవనే లేదు.

"ఎట్లాగూ నడస్తాను గదా. ఆ తలుపెనకాల ఎవురుండారో సదువు, ఇనే పోతా."

డ్రైవరు కూడా తొందరపెట్టలేదు. చివరి వాక్యం దాకా విని, నవ్వుకుంటూ దిగింది. బస్సు కదిలాక నేను పేజీ తిప్పాను.

"సార్," అన్నాడు కండక్టర్, "ఇంకోటి మాత్రం పైకి సదవొద్దండి. బస్సు కుప్పం చేరాల."