సుర్మా కళ్లు

ఆ రోజు నేను సగం చూసి, మిగతాది ఊహించి చెప్పాను. పక్కింటి అక్క గొలుసు తెంపినవాడు ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. కళ్లకు సుర్మా, ఆ నల్లటి కాటుక, ఉందన్నాను. పోలీసులు రోజూ సుర్మా పెట్టుకునే మా వీధి మెకానిక్‌ను పట్టుకొచ్చారు.

దొంగ బొమ్మ గీయించి అతనితో పోల్చడానికి, గోదావరిఖనిలో సైన్‌బోర్డులు రాసే పెయింటర్‌ను స్టేషన్‌కు పిలిపించారు. ప్రతి గీతకు ముందూ ఆయన పెన్సిల్ ఎత్తి ఒకటే అడిగేవాడు.

"చూసినవా తమ్మీ, అనుకున్నవా?"

"చూసిన. సుర్మానే."

ఆయన నా ముఖంలోకి చూసి నవ్వాడు. "మరి నీ కండ్లకేంది? నువ్వు గూడ పెట్టినవా?"

గనిలో షిఫ్టు దిగి, స్నానం చేసే వచ్చాను. బొగ్గు మాత్రం రెప్పలను వదలలేదు. ఆ దొంగ మా గని కార్మికుల్లో ఎవడైనా కావచ్చు.

ఆయన రబ్బరు నా ముందుకు జరిపాడు. బొమ్మలో ఆ కళ్లు నేనే చెరిపాను. బయట బల్ల మీద తల వంచుకుని కూర్చున్న మెకానిక్ దగ్గరికి వెళ్లి, అందరూ వినేలా చెప్పాను.

"చూడలే భాయ్. అనుకున్న."