అత్తయ్య ఏరిపెట్టిన నల్లగాజు

ఒకచోట కుదురుగా కూర్చునే పని నా వల్ల కాదు. అలాంటిదాన్ని, ఉల్కలు పడ్డ గుంటల వయసు తేల్చే పరిశోధనలో చేరాను. ఉల్క పడ్డ వేడికి నేలలోని రాయి కరుగుతుంది. అందులో అంతవరకూ పోగైన వాయువు బయటికి పోతుంది. చల్లారి నల్లగాజుగా మారాక మళ్లీ మొదటినుంచి పోగవడం మొదలవుతుంది. దాన్ని కొలిస్తే గుంట వయసు తెలుస్తుంది. సరిగ్గా కరగని తెల్లరవ్వ నాలుగు పలుకులు కలిసినా లెక్క తప్పుతుంది. అందుకే రాయిని నలగ్గొట్టి, భూతద్దం కింద నల్లవాటినే ఏరుకోవాలి.

ఆ మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాట్లో అదే పని. థీసిస్‌కి మిగిలింది ఈ ఒక్క వయసే, నా దగ్గర ఉన్నదీ ఆ గుప్పెడు రవ్వే. సాయంత్రం కొరియర్‌కి అందకపోతే వయసు కొలిచే ల్యాబ్‌లో మా వంతు పోతుంది. అరగంటలో ఆరుసార్లు లేచాను. మా అత్తయ్య చూసి చూసి విసుక్కున్నారు.

"నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయమ్మా. ఇటివ్వు, నేనేరతాను. నలభయ్యేళ్లు బియ్యం ఏరినదాన్ని."

"నల్లవి ఏరాలత్తయ్యా" అని పళ్లెం చేతికిచ్చి, టీ తాగడానికి కిందికి పోయాను. రెండు టీలు తాగాను.

తిరిగొచ్చేసరికి పళ్లెంలో తెల్లరవ్వ ఒక్కటే మెరుస్తోంది.

"చూడు, ఒక్క నల్లరాయి లేదు" అన్నారు.

"ఏరినవేవి?"

"బాల్కనీలోంచి పారబోశాను. రాళ్లు ఎవరైనా దాచుకుంటారా?"

ఒళ్లు మండిపోయింది. మా అమ్మ అయితే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. అత్తయ్య కాబట్టి పళ్లు కొరుక్కుంటూ మెట్లు దిగాను. జరిగింది అర్థమై ఆవిడ కూడా చీపురూ చేటా పట్టుకుని వెనకే వచ్చారు. అపార్ట్‌మెంట్ ముందు ఆటోలు ఆపి ఊడ్చాం. ఆ దుమ్ములో తారుపెచ్చులూ బొగ్గునలుసులూ అన్నీ నల్లవే. భూతద్దం పెట్టి గంటసేపు వెతికితే, గాజులా కనిపించినవి తొమ్మిది పలుకులు దొరికాయి. వాటిని సీసాలో వేసి మూత బిగించాను.

"ఇవి ఆ రాయివేనా?" అని మెల్లగా అడిగారు అత్తయ్య.

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చంటే ఎట్టాగమ్మా? పుస్తకంలో అచ్చేస్తారుగా."

కోపమొచ్చింది. పారబోసింది ఆవిడ, నీతి చెబుతున్నదీ ఆవిడే. కానీ రోడ్డుమీద ఊడ్చిన దుమ్ముకి కోట్ల ఏళ్ల వయసు కట్టి కింద సంతకం పెట్టడం ఎలాగో నాకూ తెలియలేదు. సీసా పక్కన పెట్టి మా గైడుగారికి ఫోన్ చేశాను. శాంపిల్ రోడ్డుమీద పారబోయడంవల్ల పోయిందన్నాను. మళ్లీ ఆ గుంట దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాలని, ఈ ఏడాదికి థీసిస్ లేనట్టేనని ఆయన తేల్చేశారు.

"అసలు ఎవరు పారేశారమ్మా?" అని ఫోన్ స్పీకర్లోంచి అడిగారాయన.

అత్తయ్య 'నా పేరే చెప్పు' అన్నట్టు వేలితో గుండె మీద కొట్టుకుంటున్నారు. నా కళ్లలో నీళ్లు ఆగడంలేదు, ఏడాది పోయింది మరి. అయినా ఆ పళ్లెం ముందు కూర్చోవలసింది నేను.

"నేనేనండీ" అన్నాను.