కడిగి దాచిన నాభి దుంపలు

మేడ్చల్‌లోని మా యింటి డాబామీద అక్క పెంచిన అడవినాభి తీగలకు కార్తికం దాటగానే ఆకులు పండేవి. తీగ పూర్తిగా ఎండిన తరువాత ఆమె కుండీలు బోర్లించి దుంపలను ఏరేది. మన్ను దులిపి, పొడి యిసుక నింపిన కుండలో పరచి, మూతికి పలుచని గుడ్డ కట్టి అటకమీద ఉంచేది. తొలకరి పడినాక మళ్లీ నాటేది. శామీర్‌పేట దారిలో ఒక గుట్టను ప్లాట్లకై చదును చేయబూనినప్పుడు, యంత్రం వచ్చిన నాడే పోయి ఆమె తవ్వి తెచ్చిన దుంపల సంతతి అవి. అక్కడిప్పుడు ఆ పూవు లేదు, గుట్టా లేదు.

భర్త పోయిన నాటినుండి అక్క నా యింటనే ఉన్నది. నిరుటి చలికాలంలో మంచం పట్టింది. గుండె నీరసించిందనీ, మెట్లెక్కరాదనీ వైద్యుడు చెప్పినాడు. దుంపల పని నాకు అప్పగిస్తూ ఆమె ఏవో జాగ్రత్తలు చెప్పబోయింది. నేను వినలేదు. దాని సంస్కృతనామం లాంగలి యనీ, నాగలివలె వంగిన దుంపను బట్టి ఆ పేరు వచ్చిందనీ ఆమెకే బోధించి మేడమీదికి పోయినాను.

మట్టి అంటినది ఏదైనా కడగక లోపలికి తేరాదన్నది మా యింటి ఆచారం. దుంపలను మూడు నీళ్లలో కడిగి తుడిచినాను. విషపుదుంప గనుక ఎవరైనా పొరబడి వంటకు తీయుదురేమో అని స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, పేరు వ్రాసి చీటీ అంటించినాను. పని చక్కగా జరిగినదనుకొన్నాను.

మాఘంలో మూత తీసేసరికి కుళ్లు వాసన. కొన్ని వేళ్లమధ్యనే చితికిపోయినవి. అక్క అడిగినప్పుడల్లా బాగున్నవని చెప్పుతూ వచ్చినాను. ఒక మధ్యాహ్నం ఒకటి తెచ్చి చేతిలో పెట్టమన్నది. ఉన్నవాటిలో గట్టిగా కనిపించినదాన్ని తీసికొనిపోయినాను. ఆమె దానివైపు చూడనైనా లేదు. బొటనవ్రేలితో కొనను తడిమింది; అది మెత్తబడి ఉన్నది. మొలక పుట్టేది ఆ కొననుండియే.

"ఏంది తమ్మీ, గడ్డలకు గూడ తానం జేపిచ్చినవా?"

మూత కూడ బిగించినానని ఒప్పుకొన్నాను.

"గంత సదువు సదివినవు. గడ్డకు గాలి గావాలెనని ఏ పుస్తకంల లేదా?" అని నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. వీపు నిమిరి, తడిగుడ్డతో ఆమె వేళ్లు తుడిచినాను.

తిట్లకై ఎదురుచూచినాను. పాలు పొంగిపోతే పూటంతా సణిగే మనిషి ఆమె. ఒకసారి తీగ తెంపినందుకు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ రోజు ఒక్క తిట్టు రాలేదు. అడవి అంచున ఎక్కడనైనా వెదకి మళ్లీ తెస్తానన్నాను. వద్దని చేయి ఊపింది.

"ఇగ ఆ కుండీలు పక్కింటామెకు ఇచ్చెయ్యి. మిరపనారు పోసుకుంటదట."

రాబోయే వానలను ఆమె అప్పటికే వదులుకున్నదని ఆ మాటతో నాకు తెలిసింది. మరునాడు కుండీలన్నీ ఒక్కొక్కటిగా దించినాను. చివరిదానితో మెట్లమీదనే కూర్చుండిపోయినాను. అన్నీ ఇచ్చినావా అని లోపలినుండి అక్క అడిగింది. ఇచ్చినానన్నాను.

ఫాల్గుణం ముగియకముందే ఆమె వెళ్లిపోయింది.