ఖాతా పోయాక పెనుకొండ రమణప్పను వెతుక్కుంటూ ధర్మవరం దాకా

గత నెల ఒక ఉదయం నా సామాజిక మాధ్యమ ఖాతా తెరుచుకోలేదు. నిబంధనలు ఉల్లంఘించినందున శాశ్వతంగా తొలగించామన్న సందేశం మాత్రం కనిపించింది. ఏ నిబంధనో తెలియదు. మూడుసార్లు విజ్ఞప్తి పంపాను, మూడుసార్లూ అదే సందేశం తిరిగి వచ్చింది. నేను హిందూపురం పారిశ్రామికవాడలో పగలు ఉద్యోగం చేస్తూ, రాత్రి కళాశాలలో చదివి, నలభయ్యో ఏట పట్టా అందుకున్నవాణ్ని. ఆ తరువాత ఆరేళ్లపాటు మన ప్రాంతపు కోటల గురించి, శిల్పాల గురించి అక్కడ రాశాను. నాలుగు వేల మంది చదివేవారు. ఆ రాతలన్నీ పోయినందుకు బాధపడ్డాను గాని, ఈ ప్రయాణానికి కారణం అది కాదు.

ఖాతా పోవడానికి ముందు సాయంత్రం, పెనుకొండలో ఒక పాత ద్వారం మీది శిల్పం ఫొటో పెట్టి, దానిని నెమలి అని వర్ణించాను. ‘పెనుకొండ రమణప్ప’ అనే పాఠకుడు అది నెమలి కాదని, హంస అని వెంటనే వ్యాఖ్య రాశారు. ఆయన నన్ను దిద్దడం అది మొదటిసారి కాదు. కష్టపడి చదువుకున్న నాకు అందరి ఎదుటా అది చిన్నతనంగా తోచింది. ‘ముందు కొంచెం చదువుకుని రండి’ అని జవాబిచ్చాను. చాలామంది నవ్వు గుర్తులు పెట్టారు. తెల్లవారేసరికి ఖాతా లేదు. ఆయన కంటికి ఇది ఎలా కనిపిస్తుందో ఊహించగలను: అవమానించి, పైగా తలుపు వేసుకున్నట్టు. ఆరేళ్ల పరిచయమున్న ఆ మనిషి ఫోన్ నంబరు గాని, చిరునామా గాని నా వద్ద లేవు.

అందువల్ల ఆదివారం ఉదయం ఏడు గంటలకు హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సెక్కాను. ప్రయాణం సుమారు గంట, టిక్కెట్టు అరవై రూపాయల లోపే. బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిని, ఒక ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు మస్తాన్‌కు నా వయసే ఉంటుంది. ముందుగా ఆ ద్వారం దగ్గరకే పోనిమ్మన్నాను. ఉదయపు ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు ఆ రాయి బాగా తెలుస్తుంది, ఫొటోలు తీసేవారు తొమ్మిది లోపు వెళ్లడం మంచిది. పొట్టి ముక్కు, వంపు తిరిగిన మెడ, తల మీద కుచ్చు లేదు. అది హంసే. నేను ఫొటోలో తోక మాత్రమే చూసి రాశాను.

తరువాత రెండు వీధుల్లో, నాలుగు అంగళ్లలో రమణప్ప గురించి విచారించాము. ఎవరికీ తెలియదు. చివరకు మస్తాన్ ఆటో ఆపి, వెనక్కి తిరిగాడు.

“పెనుకొండలో ఉండేటోన్ని పెనుకొండ రమణప్ప అని ఎవురంటారు సార్? ఊరిడిసి పోయినోనికే ఊరి పేరు తగులుకునేది.”

ఆ మనిషి ఖాతాలో ఏం ఫొటో ఉండేదో గుర్తుందా అని అడిగాడు. బొక్కలు పొడిచిన అట్టముక్కలు వరుసగా వేలాడుతున్న ఫొటో అని చెప్పాను. అవి పట్టుచీరల మగ్గం మీద అంచు బొమ్మను నడిపించే అట్టలని, ధర్మవరంలో విచారించాలని చెప్పి, నన్ను మళ్లీ బస్టాండులో దించాడు. రెండు గంటలు తిప్పినందుకు మూడు వందలు తీసుకున్నాడు.

పెనుకొండ నుంచి ధర్మవరానికి బస్సులో గంటకు పైనే పట్టింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు నేతగాళ్ల వీధిలో మొదటి పట్టునూలు అంగట్లో పేరు చెప్పగానే, అట్టలు కొట్టే పెనుకొండాయనా అంటూ అంగట్లో కూర్చున్నావిడ మలుపు చూపించింది.

రమణప్ప గారికి అరవై దాటి ఉంటాయి. గళ్ల కాగితం మీది బొమ్మ చూసుకుంటూ అట్టకు బొక్కలు పొడుస్తున్నారు. ఆ గదిలోనే నలుగురు మగ్గాల మీద ఉన్నారు. నా పేరు చెప్పాను. ఆయన పని ఆపలేదు.

“బ్లాక్ చేసినారనుకుంటి,” అన్నారు.

జరిగింది చెప్పాను. ద్వారం చూసి వచ్చానని, తప్పు నాదేనని ఆయనకు మాత్రమే వినిపించేలా అన్నాను. అప్పుడు ఉలి కింద పెట్టారు.

“నేను చదివింది ఐదో తరగతి దాంకానే సార్. ఈడ ఒక బొక్క తప్పు పడిందంటే చీర పొడుగునా అదే తప్పు నడుస్తాది. అందుకే తప్పు కనపడితే ఊరుకోలేను. మిమ్మల్ని తక్కువ చెయ్యల్లని కాదు. మీరన్న మాట ఈళ్లంతా చదివి నవ్వినారు. ఇప్పుడు నాకొక్కనికి చెప్తే ఎట్ల?”

మగ్గాల చప్పుడు ఆగింది. ఉపన్యాస పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నవాణ్ని, స్కూలు పిల్లాడిలా ఆ నలుగురి వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన రాసిందే సరైనదని, చదువు పేరెత్తి నేను అన్న మాట తప్పని బిగ్గరగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన లేచి నాకు స్టూలు జరిపాడు. రమణప్ప గారు టీ తెప్పించారు గాని, క్షమించానని అనలేదు. బయలుదేరేటప్పుడు ఫోన్ నంబరు అడిగాను.

“నంబరెందుకు సార్, ఇల్లు సూసినారు కదా. ఈ తూరి రాసేది ముందు ఈడికొచ్చి సూపిచ్చండి.”

సాయంత్రం ధర్మవరం నుంచి హిందూపురానికి రైలు దొరికింది. రెండు గంటల లోపు ప్రయాణం, టిక్కెట్టు బస్సు కంటే చవక. నాలుగు వేల మంది ఎదుట అంత సులువుగా రాయగలిగిన వాక్యం ఆ గదిలో నిలబడి ఆయన ముఖం చూస్తూ అనగలిగేవాణ్నా అని దారి పొడవునా ఆలోచించాను. అనగలిగేవాణ్ని కాదు. ఖాతా తిరిగి రావాలని నాలుగో విజ్ఞప్తి రాసి పెట్టుకున్నాను, దానిని పంపలేదు. పంపకూడదన్న ప్రతిజ్ఞ ఏదీ లేదు. ఒకవేళ ఖాతా తిరిగి వస్తే నేను మొదట రాయవలసింది ఏమిటో తెలుసు. రాకపోతే, ఆ క్షమాపణ చదవవలసిన వారు నాలుగు వేల మందీ ఎక్కడున్నారో నాకు తెలియదు. అందుకే ముందుగా ఈ పత్రికలో రాస్తున్నాను.

ఇలా ఎవరినైనా వెతుకుతూ ధర్మవరం వెళ్లేవారికి ఒక సూచన: ఫొటోలు, ఖాతా పేర్లు మాత్రమే నమ్ముకుని బయలుదేరకండి. ఆ మనిషి ఇంటిపేరు, చేసే పని, ఏ ఊరి నుంచి వచ్చారన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నేత వీధుల్లో ఆ మూడింటిలో ఏ ఒక్కటి చెప్పినా ఇంటి దాకా దారి చూపుతారు.