చాచా పేరున్న డిస్కు

పాత కారు ఇచ్చేసేముందు డ్యాష్‌బోర్డు అర ఖాళీ చేస్తుంటే, మొన్న శుక్రవారం ఆ డిస్కు బయటపడింది. అట్ట మీద నలుగురు మనుషులు. మధ్యలో డ్రమ్ముల వెనక, కొత్త చొక్కాలో బిగుసుకుపోయి మా చాచా.

చుట్టరికమేమీ లేదు. నేను ఉద్యోగానికని ఈ అరబ్బు దేశం వచ్చి, ఉమ్ ఘువైలినా పేటలో ఒంటరిగా ఉన్న రోజుల్లో పక్క ఫ్లాటాయన. వరంగల్ మనిషి, ఇంటికి ఫోన్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. ఇరవై ఏళ్లుగా హోటల్ బ్యాండులో పాటగాళ్ల వెనక డ్రమ్ములు వాయించేవాడు. ఆయన ప్రాణం మాత్రం బీబాప్ మీద. జాజ్‌లో అదొక పరుగుల రకం. కూర్చుని వినాలి, అడుగులేసి ఆడటానికి అందదు. హోటల్ వాళ్లకేమో జనం లేచి ఆడాలి. అందుకని ఆ ముచ్చటంతా వంటింట్లో బోర్లించిన గిన్నెల మీద తీర్చుకునేవాడు. గోడకివతల నాకు కుక్కర్ విజిళ్ల లెక్క తప్పి, పప్పు ఎన్నిసార్లు మాడిందో.

చివరికి ఊరికి ఆ చివర మెసైమీర్‌లో ఒక రికార్డింగ్ గది మాట్లాడుకుని, తోటి వాద్యగాళ్లు ముగ్గురితో తన పేరు మీద ఒక ఆల్బమ్ చేశాడు. వినడానికి తెలిసినవాళ్లందరినీ అక్కడికే పిలిచాడు. "జర ముందుగాల రా బేటా, కుర్చీలు సాలవు" అన్నాడు నాతో.

వెళ్లాను. పన్నెండు కుర్చీలు, మూతపెట్టిన సమోసాలు, మేమిద్దరం. గంట చూశాం. "డ్యూటీలుంటయి గదా" అని ఆయనే సర్దిచెప్పుకుని డిస్కు పెట్టాడు. ఒక ట్రాకులో సాక్సఫోన్, ఇంకోదాంట్లో పియానో విజృంభించాయి. ఆయన చేయి వెనకెక్కడో వినిపిస్తోంది.

"పేరు మీది కదా చాచా, మీరొక్కరే వాయించింది ఏదీ?" అన్నాను.

"ఇరవై ఏండ్లు ఎన్కనే కూసున్న బేటా. ముందట కూసునుడు ఆఖరికి గాని చాతగాలే. ఇను, వస్తది."

అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. అంత అవసరమైనదేమీ కాదు. ఆ ఖాళీ కుర్చీల మధ్య ఇంక కూర్చోలేక, పని పడిందని లేచాను. ఆయన డిస్కు తీసి నా చేతిలో పెట్టాడు. "మిగిలింది కార్ల ఇను."

వినలేదు. మర్నాడు, ఆ మర్నాడు అనుకుంటూ ఉండగానే హోటల్ వాళ్లు ఆయన్ని ఉద్యోగం మాన్పించి వరంగల్ పంపేశారు.

మొన్న పార్కింగ్‌లో అద్దాలెత్తుకుని విన్నాను. ఆఖరి ట్రాకులో మిగతా ముగ్గురూ లేరు. ముందు రెండు దెబ్బలు మొహమాటంగా పడ్డాయి, మధ్యలో ఒక ఊపిరి వినిపించింది, ఆ తర్వాత ఇక ఆగలేదు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. విన్నానని చెబుదామని ఆయనకు ఫోన్ చేస్తే, ఆ నంబరు ఇప్పుడు ఎవరిదో.

ఆ రోజు లేచొచ్చి మిగుల్చుకున్న నాలుగు నిమిషాలూ దేనికి వాడుకున్నానో ఎంత తలచుకున్నా గుర్తురావడం లేదు.